స్విచ్చి ఆపిన తరువాత మిగిలే విద్యుత్తు

మే నెల వచ్చేసరికి సోలాపూర్‌లో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లోని ఫ్యాను మొరాయిస్తుంది. రెగ్యులేటరును చివరి అంకె దాకా తిప్పినా రెక్కలను లెక్కపెట్టగలిగినంత నిదానంగా తిరుగుతుంది. కొన్నిసార్లు అసలే కదలక సన్నగా మూలుగుతూ ఉంటుంది. కర్రతో రెక్కను ఒకసారి తోస్తే అప్పుడు బయలుదేరుతుంది. పిలిపించిన వైర్‌మన్ పైకి చూసి ఒక్కమాటలో తేల్చేస్తాడు: “కండెన్సర్ పోయింది.” ఫ్యాను పైకప్పుకు వేలాడేచోట ఉన్న గిన్నెలాంటి మూతను దించి, అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా ఒకటి తీసివేసి, అటువంటిదే మరొకటి బిగిస్తాడు. దాని ధర సాధారణంగా వంద రూపాయల లోపే. పది నిమిషాల్లో గాలి మళ్ళీ మునుపటిలా వీస్తుంది.

ఈ పని చూసిన ఇంటివారిలో ఎవరో ఒకరికి మరుసటి వేసవిలో తామే మార్చుకోవచ్చుననిపించడం సహజం. ఉన్నవి రెండే తీగలు. స్విచ్చి ఆపి, స్టూలు వేసుకుని ఎక్కితే సరిపోతుందనిపిస్తుంది. ఆపదకు మూలం ఈ ఊహలోనే ఉంది. స్విచ్చి ఆపితే విద్యుత్తు రావడం ఆగుతుంది. అప్పటికే లోపలికి వచ్చి నిలిచిన విద్యుత్తు మాట వేరు. దానిని నిలుపుకోవడానికే తయారైన పరికరం కెపాసిటర్. మెకానిక్కులు కండెన్సర్ అనేది దీనినే. అది విద్యుత్తును ఎలా పట్టి ఉంచుతుందో, ఎప్పుడు విడిచిపెడుతుందో తెలిస్తే, ఏ పెట్టె మూత తీయవచ్చునో, దేనిని తీయరాదో ఎవరికి వారే నిర్ణయించుకోగలుగుతారు.

రెండు రేకులు, నడుమ ఒక పొర

కెపాసిటర్ నిర్మాణం ఆశ్చర్యం కలిగించేటంత సులువైనది. రెండు లోహపు రేకులు, వాటి నడుమ విద్యుత్తును పోనివ్వని ఒక పలుచని పొర, అంతే. ఆ పొరను భౌతికశాస్త్రంలో రోధకం అంటారు. గాజు, మైకా, నూనెలో తడిపిన కాగితం, ప్లాస్టిక్, ఏదైనా రోధకం కావచ్చు. గాలి కూడా రోధకమే.

ఈ రెండు రేకులను బ్యాటరీ రెండు కొసలకు కలిపితే, బ్యాటరీ ఒక రేకు నుండి ఎలక్ట్రాన్లను లాగి రెండవ రేకు మీదికి నెడుతుంది. నడుమనున్న పొరను అవి దాటలేవు. ఒకవైపు ఎలక్ట్రాన్ల లోటు, మరొకవైపు మిగులు ఏర్పడి, రెండూ ఒకదానినొకటి ఆకర్షిస్తూ పొరకు ఇరువైపులా బిగుసుకుని నిలుస్తాయి. మొదట ప్రవాహం జోరుగా సాగుతుంది. రేకుల మధ్య వోల్టేజి పెరిగే కొద్దీ, అప్పటికే చేరిన ఎలక్ట్రాన్లు కొత్తవాటిని వెనక్కి నెడుతుంటాయి గనుక ప్రవాహం సన్నగిల్లుతుంది. రేకుల మధ్య వోల్టేజి, బ్యాటరీ వోల్టేజి సమానమైన క్షణాన ఆగిపోతుంది. కెపాసిటర్ నిండిందంటే అర్థం ఇదే. మొత్తం మీద దానిలోకి అదనంగా వచ్చి చేరిన ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. ఒకవైపు పెరిగిందంతా మరొకవైపు తరిగినదే. నిలువ ఉన్నది ఆ ఎడబాటు, దానివల్ల రోధకంలో ఏర్పడిన విద్యుత్ క్షేత్రం, ఆ క్షేత్రంలోని శక్తి.

నీటి గొట్టంతో పోల్చుకుంటే విషయం సుగమమవుతుంది. ఒక గొట్టం మధ్యలో అడ్డంగా రబ్బరు పొర బిగించి, ఒకవైపు నుండి నీటిని తోస్తే, నీరు పొరను దాటదు; పొర సాగి రెండవవైపుకు ఉబ్బుతుంది. అవతలి నీరు ఆ మేరకు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు గొట్టానికి ఇరువైపులా ఉన్న కుళాయిలను కట్టివేస్తే ఏమవుతుంది? తోయడం ఆగిపోయినా పొర సాగిన స్థితిలోనే ఉండిపోతుంది. రెండు కుళాయిలనూ తెరిస్తే ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. స్విచ్చి ఆపడమంటే కుళాయి కట్టడం మాత్రమే.

కెపాసిటర్ ఎంత ఆవేశాన్ని పట్టగలదన్నది మూడింటి మీద ఆధారపడుతుంది. రేకుల వైశాల్యం పెరిగితే సామర్థ్యం పెరుగుతుంది. రేకులు దగ్గరయ్యే కొద్దీ పెరుగుతుంది. నడుమ గాలికి బదులు గాజు వంటి పదార్థం ఉంచినా పెరుగుతుంది. దీనిని 1837 ప్రాంతంలో గాజు, గంధకం, లక్క వంటి పదార్థాలతో క్రమబద్ధంగా పరిశీలించినవాడు మైకేల్ ఫారడే. సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టి ఫారడ్ అన్నారు. నిత్యవ్యవహారానికి అది మరీ పెద్ద కొలత. అందుకే ఇంటి పరికరాల మీద మైక్రోఫారడ్, అంటే ఫారడ్‌లో పది లక్షలవ వంతు, కనిపిస్తుంది. ఫ్యాను కెపాసిటర్ తరచుగా 2.5 మైక్రోఫారడ్లు. అంత చిన్నది కూడా 325 వోల్టుల దాకా నిండితే ఒక రేకు నుండి మరొక రేకుకు మారే ఎలక్ట్రాన్లు సుమారు 5 వేల లక్షల కోట్లు!

మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు కదా, 325 ఎక్కడిదన్న సందేహం రావచ్చు. ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలతో అటూ ఇటూ ఊగుతుంది. 230 అన్నది దాని ఫలప్రదమైన విలువ. ప్రతి ఊపులోనూ శిఖరం 325 వోల్టుల వరకు చేరుతుంది. స్విచ్చి ఆపిన క్షణం ఏ ఊపు మధ్యలో పడుతుందో ఎవరూ ఎంచుకోలేరు. కెపాసిటర్ ఒకసారి దాదాపు ఖాళీగా, మరొకసారి నిండుగా మిగిలిపోవచ్చు. పదిసార్లు ఏమీ కాలేదు గనుక పదకొండవసారి కూడా కాదనుకోవడం అందుకే పొరపాటు.

గాజుసీసాలో దొరికిన పిడుగు

ఈ గుణం మనిషికి తెలిసివచ్చింది దెబ్బ తినడం ద్వారానే. 1745లో జర్మన్ ప్రాంతమైన పొమెరేనియాలో క్లైస్ట్ అనే మతాధికారి, మరి కొద్ది నెలల్లో హాలండులోని లైడెన్ నగరంలో ముసెన్‌బ్రూక్ అనే ఆచార్యుని ప్రయోగశాలలోనివారు, వేర్వేరుగా ఒకే ప్రయోగం చేశారు. గాజుసీసాలో నీరు పోసి, అందులోకి లోహపు తీగను దించి, రాపిడి యంత్రంతో ఆవేశాన్ని నింపారు. సీసాను ఒక చేత్తో పట్టుకుని, రెండవ చేత్తో తీగను తాకేసరికి ఒళ్ళంతా కుదిపివేసే దెబ్బ తగిలింది. ఫ్రాన్సు రాజ్యమంతా ఇస్తానన్నా ఆ ప్రయోగం మళ్ళీ చేయనని ముసెన్‌బ్రూక్ తన ఉత్తరంలో వ్రాసుకున్నాడు. లోపలి నీరు ఒక రేకు, గాజు రోధకం. రెండవ రేకు, వారెవరూ ఊహించనిది, సీసాను పట్టుకున్న అరచేయి! ప్రయోగం చేసినవాడే పరికరంలో సగమయ్యాడు. ఆ సీసాకు లైడెన్ జాడీ అని పేరు నిలిచింది.

జాడీని సక్రమంగా వివరించినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖ్యుడు. ఒకవైపు ఎంత చేరితే మరొకవైపు అంత తరుగుతుందని చెప్పినది ఆయనే. అంత తెలిసిన మనిషి కూడా 1750 డిసెంబరులో, రెండు పెద్ద జాడీలతో ఒక టర్కీ కోడిని చంపి చూపబోయి, చుట్టూ ఉన్నవారి మాటల్లో పడి తానే తీగలను తాకి స్పృహ తప్పినంత పనైంది. పరిజ్ఞానం ఉన్నంత మాత్రాన పరధ్యానం క్షమింపబడదు.

1782లో ఇటలీకి చెందిన అలెస్సాండ్రో వోల్టా ఇటువంటి ఒక పరికరానికి ‘సాంద్రం చేసేది’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. కండెన్సర్ అన్న మాట అక్కడిది. శాస్త్రగ్రంథాలు కెపాసిటర్ అన్న పేరుకు మారినా, మన వర్క్‌షాపులు పాతమాటనే నిలుపుకున్నాయి. ఈ మాటతో ఒక చిక్కుంది. ఏసీలోనూ ఫ్రిజ్‌లోనూ వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్టను కూడా కండెన్సర్ అనే అంటారు. అది ఖరీదైన భాగం. ఏసీ మెకానిక్ “కండెన్సర్ మార్చాలి” అన్నప్పుడు గొట్టాల చుట్టా, మోటారు కెపాసిటరా అని అడిగి తెలుసుకోవడం మంచిది. రెండింటి ధరలకూ మధ్య వేల రూపాయల తేడా ఉంటుంది.

ఫ్యానులో అది చేసే పని

ఒకే ఫేజు విద్యుత్తుతో మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. చుట్టలో పుట్టే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే గాని గుండ్రంగా తిరగదు. అందుకే ఫ్యాను మోటారులో రెండు చుట్టలు ఉంటాయి. రెండవ చుట్టకు వెళ్ళే దారిలో కెపాసిటర్‌ను ఉంచుతారు. కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతూ ఖాళీ అవుతూ, ఆ చుట్టలోని ప్రవాహాన్ని మొదటిదానికంటే కొంత ముందుకు జరుపుతుంది. రెండు ఊపులు ఒకదాని వెంట ఒకటి రావడంతో క్షేత్రం తిరుగుతుంది, దానితో ఫ్యాను తిరుగుతుంది. కెపాసిటర్ పూర్తిగా పోతే ఊపు ఒక్కటే మిగులుతుంది. మూలుగుతూ నిలిచిన ఫ్యాను కర్రతో తోస్తే కదలడానికి కారణం ఇదే.

మరి నెమ్మదించడం దేనివల్ల? నేటి ఫ్యాను కెపాసిటర్లలో రేకులుగా ఉండేది ప్లాస్టిక్ పొర మీద పూసిన లోహపు పూత. దాని మందం వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఎండాకాలపు వేడికో, వోల్టేజి హెచ్చుతగ్గులకో ప్లాస్టిక్ పొర ఒకచోట చిట్లితే, అక్కడ పుట్టిన చిన్న మెరుపుకు చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోతుంది. లోహం లేనిచోట విద్యుత్తు దాటలేదు గనుక గాయం తనంతట తానే మానిపోతుంది. తెలివైన ఏర్పాటే గాని ఉచితం కాదు. ప్రతి గాయానికీ కొంత వైశాల్యం పోతుంది. ఏళ్ళ తరబడి అలా పోతూ పోతూ 2.5 ఉండవలసినది 2కు, ఆపైన ఇంకా కిందికి దిగజారుతుంది. ఫ్యాను మోటారు చెడిందని కొత్తది కొనే ముందు ఈ చిన్న డబ్బాను పరీక్షింపజేయడం ఇంటి బడ్జెటుకు మేలు. అయితే 2.5కు బదులు 4 వేయించుకుంటే గాలి ఎక్కువ వస్తుందనుకోవడం అపోహ. చుట్టలు వేడెక్కి మోటారే కాలిపోవచ్చు. పాతదాని మీద ఉన్న అంకె, 440 వోల్టుల గుర్తు, ఐ.ఎస్. 2993 ప్రమాణపు ముద్ర సరిచూసుకుని అదే వేయించాలి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఫ్యాను స్విచ్చి ఆపాక కెపాసిటర్‌లో విద్యుత్తు మిగులుతుందా? బాగా ఉన్న ఫ్యానులో సాధారణంగా మిగలదు. రెండు చుట్టలూ కెపాసిటర్ కొసలను కలుపుతూ ఒక దారి ఏర్పరుస్తాయి; ఆ దారిలో అది క్షణంలోపే ఖాళీ అవుతుంది. చుట్టలో తీగ తెగినా, కలిపినచోట వదులైనా ఆ దారి మూసుకుపోతుంది. కెపాసిటర్ నిండుగా ఉండిపోతుంది. బాగా ఉన్న ఫ్యానును ఎవరూ విప్పరు. విప్పేది చెడినదానినే.

ఫ్యాను కెపాసిటర్‌లో నిలిచే శక్తి 325 వోల్టుల వద్ద జౌలులో ఎనిమిదో వంతు మాత్రమే. ఆ దెబ్బ మామూలుగా ప్రాణం తీయదు. కాని ఎత్తైన స్టూలు మీద, తల పైకెత్తి, రెండు చేతులూ పైన పెట్టి నిలుచున్న మనిషి ఉలిక్కిపడితే పడేది గచ్చు మీద. పైగా పాత ఇళ్ళలో కొన్నిచోట్ల స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగకు కలిపి ఉంచుతారు. అటువంటి ఇంట్లో స్విచ్చి ఆపినా ఫ్యాను దాకా 230 వోల్టులు సజీవంగానే ఉంటాయి. ఇది కెపాసిటర్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. కనుక గది స్విచ్చితో సరిపెట్టక ఎం.సి.బి.నే దించాలి.

అంకె చిన్నది, దెబ్బ పెద్దది

కెపాసిటర్‌లో నిలిచే శక్తి దాని సామర్థ్యాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజిని బట్టి మాత్రం వర్గంగా పెరుగుతుంది. వోల్టేజి రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటర్ సుమారు 1 మైక్రోఫారడ్ మాత్రమే, అంకెలో ఫ్యానుదానికంటే చిన్నది. కాని అది 2 వేల వోల్టులు దాటి నిండుతుంది. అప్పుడు శక్తి 2 జౌళ్ళకు పైమాట. అంత వోల్టేజికి చర్మం అడ్డు నిలవలేదు. దానిని ఖాళీ చేయడానికి లోపలే కోటి ఓముల నిరోధం ఒకటి అమర్చి ఉంటుంది. సామర్థ్యాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చే కాలం ఇక్కడ 10 సెకన్లు; ఆ వ్యవధిలో వోల్టేజి సుమారు మూడోవంతుకు తగ్గుతుంది, అటువంటి ఐదు వ్యవధులకు నూటికి ఒక వంతు లోపు మిగులుతుంది. లెక్క ప్రకారం నిమిషం చాలు. కాని ఆ నిరోధమే చెడిపోతే గంట తరువాత కూడా కెపాసిటర్ నిండుగానే ఉండవచ్చు, బయటికి ఏ గుర్తూ కనిపించదు. మైక్రోవేవ్ ఓవెన్ మూత ఇంట్లో విప్పవలసిన సందర్భం ఏదీ లేదు.

బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో రెండు కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి మోటారు తిరిగినంతసేపూ పనిచేస్తుంది. 100 మైక్రోఫారడ్ల వరకు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ ఉండే రెండవది, పచ్చ బొత్తాము నొక్కి ఉంచినంతసేపే కలిసి ఉండి, వేలు తీయగానే విడిపోతుంది. విడిపోయిన క్షణాన ఎంత నిండి ఉందో అంతే దానిలో నిలుస్తుంది. 325 వోల్టుల వద్ద అది 5 జౌళ్ళు. ఇన్వర్టర్ ఏసీ బయటి పెట్టెలో 1,000 మైక్రోఫారడ్లు అదే వోల్టేజికి నిండితే 50 జౌళ్ళు దాటుతుంది. వాటికి ఖాళీ చేసే నిరోధాలు ఉంటాయి; అవీ చెడవచ్చు.

బ్యాటరీకీ దీనికీ భేదం ఇక్కడే. బ్యాటరీలో రసాయనిక చర్య జరగాలి, దానికి వ్యవధి కావాలి. కెపాసిటర్‌లో జరగవలసింది ఏమీ లేదు. దారి దొరికితే చాలు. కెమెరా ఫ్లాష్‌లో 100 మైక్రోఫారడ్లు 300 వోల్టులకు నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ నాలుగున్నర జౌళ్ళూ సెకనులో వెయ్యోవంతులో వెలువడితే ఆ క్షణానికి 4,500 వాట్ల మెరుపు. ఆసుపత్రిలో లయ తప్పిన గుండెకు షాకు ఇచ్చే డీఫిబ్రిలేటరు కూడా ఇదే సూత్రం మీద, 200 జౌళ్ళ స్థాయిలో పనిచేస్తుంది. ప్రాణం నిలపగల ఉపాయం, తప్పు చేతిలో, తప్పు సమయంలో అదే ప్రాణానికి ముప్పు.

మగ్గాల షెడ్డులో

తూర్పు భాగంలోని పద్మశాలి కుటుంబాలకు మగ్గం మోటారు పక్కన బిగించిన కెపాసిటర్ పెట్టె కొత్తదేమీ కాదు. మోటారు తన అయస్కాంత క్షేత్రం కోసం కొంత విద్యుత్తును తీసుకుని, మరుక్షణం తిరిగి ఇచ్చివేస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మగ్గంలో నాడె లాగా ట్రాన్స్‌ఫార్మరు దాకా అటూ ఇటూ తిరుగుతూ ఉంటే, బట్ట నేయకుండానే తీగలు వేడెక్కుతాయి. కెపాసిటర్ మోటారు పక్కనే నిలిచి ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని అక్కడికక్కడే ముగిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత వ్యవసాయ విద్యుత్తు అమలైన తొలి ఏళ్ళలో పంపుసెట్లకు కెపాసిటర్ అమర్చుకోవాలని నిబంధన పెట్టినది ఇందుకే. ఊళ్ళో బంధువుల బావుల దగ్గర కనిపించేదీ, ఇక్కడి షెడ్డులోనిదీ ఒకే జాతి. షెడ్డులో విడిగా స్విచ్చి ఉన్న కెపాసిటర్ పెట్టెను ఆపిన తరువాత కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ తరువాత కూడా వోల్టేజిని మీటరుతో కొలిచి చూసిన పిమ్మటనే వైర్‌మన్ చేయి పెట్టాలి. టెస్టర్ వెలగలేదు గనుక ఖాళీ అయిందనడం చాలదు. భూమికీ ఒక కొసకూ మధ్య వోల్టేజిని చూపే టెస్టర్, రెండు కొసల మధ్య నిలిచిన ఆవేశాన్ని చూపకపోవచ్చు.

రెండు కొసలనూ స్క్రూడ్రైవర్‌తో కలిపి ‘టప్’మనిపించడం చాలామంది మిస్త్రీలకు అలవాటు. ఖాళీ అవడం నిజమే. స్క్రూడ్రైవర్ మొన కరగడం, నిప్పురవ్వ కంట్లో పడడం, కెపాసిటర్ లోపలి అతుకులు తెగడం కూడా నిజమే. 10 వేల ఓముల నిరోధాన్ని తొడుగున్న తీగలతో రెండు కొసలకూ ఆనిస్తే 50 మైక్రోఫారడ్ల మోటారు కెపాసిటర్ రెండున్నర సెకన్లలో చప్పుడు లేకుండా ఖాళీ అవుతుంది. ఆ నిరోధం ఖరీదు ఒక కప్పు టీ కంటే తక్కువ. మిస్త్రీ దగ్గర అది ఉందా అని అడగడానికి ఇంటివారు మొహమాటపడనక్కరలేదు.

ఎవరికైనా షాకు తగిలితే ముందు ఎం.సి.బి. దించాలి, ఆ తరువాతనే మనిషిని ముట్టాలి. దించే వీలు లేకపోతే పొడి కర్రతో తీగను తొలగించాలి. స్పృహ లేకపోయినా, గుండె దడగా ఉందన్నా, ఎత్తు నుండి పడినా 108కి ఫోను చేయాలి. దెబ్బ చిన్నదేనని ఇంట్లో పడుకోబెట్టడం సరికాదు.

తీసివేసిన పాత కెపాసిటర్‌ను పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వరాదు. చెత్త తగలబెట్టే మంటలో పడితే మూసిన డబ్బా పేలుతుంది. భంగారు వేసేవారు పాత మోటార్ల పెద్ద కెపాసిటర్లను అల్యూమినియం కోసం సుత్తితో పగలగొడుతుంటారు. లోపలి నూనె చేతులకు అంటడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఇటువంటివి అమ్మే ముందు రెండు కొసలనూ చిన్న రాగితీగతో కలిపి చుట్టి ఉంచాలి. ఒకసారి ఖాళీ చేసిన కెపాసిటర్‌లో కూడా రోధకం నుండి కొంత ఆవేశం తిరిగి రేకుల మీదికి చేరుతుంది గనుక, ఆ తీగను అమ్మేదాకా తీయకూడదు. ఇంటి చెత్తతో కలపక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి విడిగా ఇవ్వాలి.